అద్దంలో ఏనుగు

మా అడవిలో ఒక ఏనుగుకి పన్నునొప్పి వచ్చి, గేటు దగ్గర టిక్కెట్ల కిటికీ ముందు వరసలో నిలబడిందని నేను చెబితే నమ్మినవాళ్లున్నారు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఎడం పన్నా, కుడి పన్నా అని కూడా అడిగాడు. ఎడమది సార్, కుడిది కిందటేడే పీకించాం అన్నాను. అయ్యో పాపం అని దిగేదాకా బాధపడుతూనే ఉన్నాడు. నా వ్యాను ఎక్కినవాళ్లకి ఏనుగు కనపడొచ్చు, కనపడకపోవచ్చు. అది ఏనుగు ఇష్టం. కథ మాత్రం ఒకటి ఇంటికి పట్టుకెళ్లాల్సిందే. అది నా ఇష్టం.

అయితే నోటికి చెల్లేవన్నీ చేతికి చెల్లవు. మా అడవి దారి సన్నం. ఒక బండి వస్తే ఇంకో బండి పొదల్లోకి ఒదగాలి. లోపల హారను కొట్టకూడదు, కేకలు వెయ్యకూడదు. అందుకని డ్రైవర్లం చేత్తో మాట్లాడుకుంటాం. తిరిగొచ్చేవాడు కిటికీలోంచి చెయ్యి బయటపెడతాడు. వేళ్లు విప్పి అరచెయ్యి చూపిస్తే, చూశాను, ముందర ఉన్నాయి, మెల్లగా పో అని. పిడికిలి చూపిస్తే, ఏమీ కనపడలేదు, దారి ఖాళీ అని. ఆ చేతిని నమ్ముకునే ఎదుటివాడు మలుపు తిరుగుతాడు. అందులో అబద్ధమాడినవాడు మా దారిలో ఇంకా పుట్టలేదు. ఈ ముక్క నేను చెబితే నమ్మరని తెలుసు, అయినా చెబుతున్నాను.

అది నాకు నేర్పింది మా మామ. మా ఆవిడ వాళ్ల నాన్న. ఆ వ్యాను నాకంటే ముందు ఆయనదే. తాళం నా చేతిలో పెట్టిన రోజున, నోటితో ఏమైనా వాగుకో అల్లుడూ, చేత్తో మాత్రం వాగకు అన్నాడు. మామది మాటల పొదుపు. నేను ఒక్క పూటలో మాట్లాడేది ఆయనకి ఏడాది వస్తుంది.

ఆయన నేర్పిన రెండోది బండి తిప్పి పెట్టడం. నీటిగుంట దగ్గరికి చేరగానే వ్యానుని వెనక్కి తిప్పేసి, ముక్కు ఇంటివైపు, వీపు గుంటవైపు పెట్టాలి. ఎక్కినవాళ్లంతా వెనక్కి తిరిగి ఏనుగుల్ని చూసుకుంటారు. డ్రైవరు ముందుకే చూడాలి. ఇంజను ఆపకూడదు, కాలు క్లచ్చి మీంచి తియ్యకూడదు. ఏనుగు కోపంతో చెవులు విప్పిందేమోనని అద్దంలో ఒక చూపు, దారి మీద ఒక చూపు, అంతే. తల తిప్పి చూసేవాడు డ్రైవరు కాదు, ప్రయాణికుడు అనేవాడు మామ. అందుకని, పన్నునొప్పి ఏనుగుతో సహా, నా ఏనుగులన్నీ అరచేతంత అద్దంలో పట్టేవే.

ఆ ఏడు ఎండలు అలా ఇలా లేవు. బల్లులు దారి పక్కన నిలబడి నా వ్యానుని లిఫ్టు అడిగాయి. ఆ ఎండల మొదట్లోనే మామ ఒక పొద్దున టీ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోశాడు. మా ఆవిడ నవ్వింది. రెండో రోజు కూడా పోశాడు. అప్పుడు నవ్వలేదు.

కళ్ల ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ని ఒక్కణ్నే లోపలికి పిలిచి చాలాసేపు చూసింది. బయటికొచ్చి మాతో ఆయన చెప్పింది ఇంతే. అద్దం మీద ఎవరో బొటనవేలు ఆనించినట్టు చూపు మధ్యలో ఒక మచ్చ ఉందట. అది పెరుగుతుందట. మందుల్తో తగ్గే రకం కాదట. వానలు పడేసరికి ఎదురుగా ఉన్నది కనపడకపోవచ్చట. పదండి, బస్సు పోతుంది అన్నాడు. మా ఆవిడ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను కండక్టరుకి ఏదో కథ చెప్పబోయాను గాని అది ఎటూ సాగలేదు.

ఆ రోజు అన్నాల దగ్గర మామ కంచంలో చెయ్యి ఆపి అన్నాడు.

"అల్లుడూ, నేను ఏనుగుని చూడలేదురా."

మా ఆవిడకి భయం వేసింది, కళ్లతో పాటు ఇంకేదైనా పోయిందేమోనని. జీవితమంతా ఏనుగుల మధ్యే గదా నాన్నా అంది.

"అద్దంలో చూశాను. అద్దంలో చూసింది చూసినట్టా. ఒక్కసారి వెనక సీట్లో కూర్చుని, తల తిప్పి, ఎదురుగా చూడాలి. ఈ మచ్చ నిండేలోపు."

అంతకు ముందు ఆయన నన్ను ఏమీ అడిగి ఎరగడు. నేను అప్పటికప్పుడు, నువ్వు ఊ అంటే రేపే గుంట దగ్గర మందని వరసగా నిలబెట్టి హాజరు తీసుకుంటాను మామా అన్నాను. ఆయన మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

గేటు దగ్గర లోపలికి వెళ్లేవాళ్ల సంచులు చూసే పని మా ఆవిడది. ప్లాస్టిక్ కవర్లు, తినే వస్తువులు, ఘాటు వాసనలవి ఏవీ లోపలికి పోనివ్వదు. మర్నాడు మామ టిక్కెట్టు చేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఆయన జేబులో మోకాళ్లకి రాసుకునే మందు డబ్బా ఉంది. మా ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టింది. నా సొంత కూతురివే గదే అన్నాడు. వెళ్లేటప్పుడు ఇస్తాను, ముందుకు జరగండి, వెనక జనం ఉన్నారు అంది. గేటు కాపలావాళ్లు ఆ ముచ్చట వారం రోజులు చెప్పుకున్నారు.

ఏనుగులు మాత్రం రాలేదు. వాగులు ఎండిపోయి మందలన్నీ పైకొండ అవతలకి వెళ్లిపోయాయి. ట్యాంకరుతో నీళ్లు తెచ్చి గుంట నింపుతూనే ఉన్నారు. అవి చీకటి పడ్డాక వచ్చి తాగి, తెల్లారేసరికి పోతున్నాయి. మాకు మిగిలేవి బురదలో అడుగులు. వ్యాను ఖాళీగా ఉన్న రోజున మామ వెనక సీట్లో కూర్చునేవాడు. నిండుగా ఉన్న రోజున కూడా ఎవరో ఒకరు ముసలాయన అని చోటిచ్చేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు నేను కిటికీలోంచి పిడికిలే పెట్టేవాణ్ని. ట్యాంకరు డ్రైవరు ఎదురొస్తూ ఆ పిడికిలి చూసి తల అడ్డంగా ఊపేవాడు. వాడూ మామ చేతికింద పనిచేసినవాడే.

ఏనుగు లేని రోజున కథకి గిరాకీ ఎక్కువ. ఒకసారి మా వ్యాను బురదలో దిగబడితే ఏనుగు వెనకనుంచి నెట్టి ఒడ్డున పడేసిందని, ఆ తర్వాత ముందుకొచ్చి అందరూ బాగున్నారా అని సీటు సీటుకీ తొండం పెట్టి చూసిందని చెప్పాను. జనం ఆవలింతలు మానేసి విన్నారు. వెనక సీట్లోంచి మామ, నిన్న అది ఆడదన్నావు, ఇవాళ దంతాలు పెట్టావు అన్నాడు. వ్యాను వ్యానంతా నవ్వింది. దిగాక, అబద్ధమైనా సరే ఒక్కలా చెప్పరా, వినేవాడికి మర్యాద అన్నాడు. మాటల పొదుపు మనిషి నా కథలు అంత గుర్తుపెట్టుకుంటున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

ఎండలు ముదిరే కొద్దీ మామ తీరు మారింది. మాతో మాట్లాడుతూ తలుపుకేసి చూసేవాడు. మా ఆవిడ అన్నం పెడుతుంటే కిటికీకేసి చూసేవాడు. ఆమె ఇటొస్తే ఆయన మొహం అటు. ఏనుగుని చూపించలేకపోయాననే కోపమేమో అనుకున్నాను నేను. నా మీద కోపమైతే సరే, ఆమె ఏం చేసింది. ఒకరోజు బట్టలు ఆరేస్తూ, తడి దుప్పటి వెనక నిలబడి మా ఆవిడ అంది.

"మా నాన్న నా మొహం చూడటం మానేశాడండీ."

దుప్పటి అటువైపు ఆమె మొహం నాకూ కనపడలేదు. మందు డబ్బా తీసేసుకున్నావుగా, అందుకే అన్నాను. అది నవ్వు రావాల్సిన మాట. రాలేదు.

తర్వాత కొన్నాళ్లకి మబ్బులు దిగాయి. గాలి మారింది. మొదటి వాన పడితే చాలు, దారి జారుతుందని గేటు మూసేస్తారు, మళ్లీ వానలన్నీ అయ్యాకే తీస్తారు. ఆ పొద్దున రేంజరుగారు, రేపట్నుంచి బంద్, ఈ మబ్బుకి ఇవాళ కూడా ఎవరూ రారు, కావాలంటే మీ మామని ఒక్కసారి తిప్పుకురా అన్నాడు. మా ఆవిడని కూడా తీసుకెళ్లమన్నాడు. గేటు దగ్గర ఇన్నేళ్లు పనిచేసి ఆమె గేటు దాటి లోపలికి ఎప్పుడూ రాలేదు.

బయల్దేరే ముందు ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. పెళ్లయిన కొత్తలో, ఇంటికి ఆలస్యంగా వచ్చినందుకు దారిలో ఏనుగు అడ్డం పడుకుందని చెబితే, అది లేచేదాకా బయటే ఉండమని గడియ వేసిన మనిషి ఆమె. అలాంటి మనిషి నా చొక్కా గుండీ ఒకటి పెడుతూ మెల్లగా అంది.

"ఇవాళ కనపడకపోతే, ఏదో ఒకటి చూపించండి. దారిలో బండ ఉందిగా, అందరూ ఏనుగనుకునేది. నేను దగ్గుతాను. మీరు అదిగో అనండి."

"నేనా."

"ఊరందరికీ చెబుతారు. మా నాన్నకి ఒక్కటి చెప్పలేరా."

ఆ ఇంట్లో నన్ను అబద్ధం అడిగి చెప్పించుకోబోవడం అదే మొదలు. సంతోషించాల్సిన మాట. ఎందుకో గుండీ బిగుతుగా అనిపించింది.

దారంతా ఆకు కదల్లేదు. మలుపులో ఆ బండ ఉంది. బూడిదరంగుగా, గుండ్రంగా, వీపు మీద మట్టితో, అచ్చం నిలబడి కునుకుతున్నట్టు ఉంటుంది. దాన్ని చూసి పెద్ద పెద్ద కెమెరాలు తీసినవాళ్లున్నారు. నేను వేగం తగ్గించాను. వెనక మా ఆవిడ దగ్గింది. అద్దంలో చూశాను. మామ రెండు చేతులూ సీటు కమ్మీ మీద పెట్టుకుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా నిటారుగా కూర్చున్నాడు. మా ఆవిడ ఇంకోసారి దగ్గింది.

"మామా."

"ఏంటి."

"బండ," అన్నాను.

"తెలుసు. దాన్ని చూసి బ్రేకు వేసిన మొదటి డ్రైవర్ని నేనే." కాస్త ఆగి, "అమ్మాయికి దగ్గుమందు కొనిపెట్టు," అన్నాడు.

గుంట దగ్గర బండి తిప్పి పెట్టాను. ముక్కు ఇంటివైపు, వీపు నీళ్లవైపు. ఇంజను సన్నగా తిరుగుతోంది. వెనక సీట్లో వాళ్లిద్దరూ నీళ్లకేసి తిరిగి కూర్చున్నారు. నేను దారి చూస్తున్నాను. మబ్బు ఇంకా కిందికి దిగింది. గుంట అవతల కొంగలు రెండు ఒకేసారి లేచాయి. ఆ తర్వాత అద్దం బూడిదరంగైపోయింది.

ముందు ఒక ముసలి ఏనుగు వచ్చింది. దాని వెనక ఇంకొన్ని. చప్పుడు లేదు. అంత పెద్ద జంతువులు, ఎండుటాకుల మీద, చప్పుడు లేకుండా వచ్చాయి. ఇది నా కథల్లోది కాదు. నాన్నా, ఇటు, ఇటు అని మా ఆవిడ గుసగుసలాడుతోంది. నేను అద్దాన్ని కొంచెం వంచి మామని చూశాను.

ఆయన ఏనుగుల వైపు చూడటం లేదు. పక్కనున్న పొదలకేసి తిరిగి ఉన్నాడు. పాత అలవాటు, దారీ పొదా కాపలా కాస్తున్నాడు అనుకున్నాను.

"మామా, దారి నేను చూసుకుంటాను. నువ్వు దాన్ని చూడు."

"చూస్తున్నానురా."

"అటు కాదు నాన్నా, ఎదురుగా," అంది మా ఆవిడ.

ఆయన మొహం పొదల వైపే ఉంచి, మా ఆవిడ చేతి మీద తన చెయ్యి వేసి, చిన్న గొంతుతో చెప్పాడు. ఎదురుగా తిరిగితే మాయమైపోతోందట. మచ్చ ఎప్పుడో నిండిపోయిందట, ఎండలు సగమైనా కాకముందే. ఇలా పక్కకి తిరిగితే మాత్రం చూపు అంచులో చక్కగా నిలబడుతోందట.

"నీ మొహం కూడా అంతేనే," అన్నాడు. "అటు తిరిగితేనే ఉంటావు."

అద్దంలో మా ఆవిడ తల ఆయన భుజం మీద కనపడింది, అంతే. తలుపులకేసీ, కిటికీలకేసీ ఆయన తిరిగిన తిరుగుడంతా ఒక్కసారి నా కళ్లముందు తిరిగింది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఆమెని చూస్తూ కూర్చున్న మనిషి ఆయనే.

కాసేపయ్యాక మామ నన్ను పిలిచాడు.

"అల్లుడూ, నువ్వు కూడా ఎప్పుడూ చూడలేదు గదరా."

"అద్దంలో చూస్తున్నా మామా."

"తల తిప్పు. పక్కలు నాకు బాగానే కనపడుతున్నాయి. దారిలో ఏం కదిలినా చెబుతాను. ఇంజను వింటూనే ఉన్నాను."

తల తిప్పేవాడు డ్రైవరు కాదని నాకు నేర్పిన మనిషి అన్న మాట అది. నేను క్లచ్చి మీంచి కాలు తియ్యకుండా, మెడ ఒక్కటే వెనక్కి తిప్పాను.

ఏం చూశానో చెప్పమంటే ఇంతే చెప్పగలను. దానికి కనురెప్పల వెంట్రుకలు ఉన్నాయి, పొడుగ్గా, మట్టి పట్టి. చర్మం ఎన్నాళ్లుగానో ఊడవని వాకిలిలా ఉంది. దాని కాళ్ల మధ్య ఒక పిల్ల ఉంది. దానికి తొండంతో తాగడం ఇంకా రాదు, మోకాళ్ల మీద కూలబడి నోటితో తాగుతోంది. తాగి తాగి ముక్కులోకి పోయి తుమ్మింది. ముసలిది మావైపు చూసింది. చాలాసేపు చూసింది. దానికి మాతో పని లేదు. ఆ చూపుకి నేను తోకగాని, దంతంగాని కలపలేను.

"చాలా," అన్నాడు మామ.

"చాలు," అని ముందుకు తిరిగాను. తిరగడం ఆలస్యం, అద్దంలో అవి మళ్లీ చిన్నవైపోయాయి.

తిరిగి బయల్దేరేటప్పుడు మామ వెనక సీటు వద్దని నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కొంత దూరం పోయాక మా ఆవిడ వెనకనుంచి వంగి నా చెవిలో అడిగింది. నిజంగానే కనపడిందంటారా, లేక నేను బాధపడతానని అలా చెప్పాడా అని. ఏం చెప్పను. నేను కనపడింది అంటే అదొక కథ. కనపడలేదు అంటే అదీ ఒక కథ. నా నోటికి ఆ పేరు నేనే తెచ్చుకున్నాను. గేరు మార్చాను.

బండ మలుపు దగ్గర ట్యాంకరు ఎదురొచ్చింది, గుంటలో ఆఖరిసారి నీళ్లు పోయడానికి. నేను స్టీరింగు రెండు చేతులా పట్టుకుని పొదల్లోకి ఒదిగాను. ఒక చెయ్యి తీసి చూపించేలోపే మామ తన వైపు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాడు. ముందు పిడికిలే. ట్యాంకరు డ్రైవరు ఎప్పటిలాగే తల ఊపబోయాడు. అప్పుడు ఆ ముసలి వేళ్లు బిగుసుకుపోయిన తాళంలా ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. అరచెయ్యి. నిండుగా, వెడల్పుగా. ట్యాంకరు చటుక్కున వేగం తగ్గి, నడక మీదికొచ్చింది. పక్కనుంచి పోతూ వాడు చెయ్యి నుదుటికి ఆనించాడు.

ఆ చెయ్యి చాలాసేపు బయటే ఉంది. మా ఆవిడ నా చెవి దగ్గర్నుంచి మెల్లగా వెనక్కి జరిగి కూర్చుంది. మళ్లీ అడగలేదు.

గేటు చేరేలోపే వాన అందుకుంది. నీళ్లు పోసి తిరిగొచ్చిన ట్యాంకరు కూడా దాటాక గొలుసు వేసేశారు. మా ఆవిడ టిక్కెట్ల కిటికీ పక్క అరలోంచి మందు డబ్బా తీసి మామ జేబులో పెట్టింది.

మర్నాడు పొద్దున వాన ఇంకా పడుతూనే ఉంది. పని లేదు. మామ టీ గ్లాసు పట్టుకుని గోడకేసి తిరిగి కూర్చున్నాడు. మా ఆవిడ పని చేసుకుంటూ చేసుకుంటూ ఆపి, నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుని, ఆయన పక్కనే ముక్కాలి పీట వేసుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంది. ఆయన గోడని చూస్తూ చాలాసేపు టీ తాగాడు.

"అప్పుడే చెంప దగ్గర జుట్టు తెల్లబడిందేంటే నీకు," అన్నాడు గోడతో.

"ఈసారి ఎండలు అలాంటివి మామా, వెలిసిపోయింది," అన్నాను నేను.

ఇద్దరూ నమ్మలేదు.